క్రూయిజ్‌లో జబ్బు చేస్తే: వీసా, ఇన్సూరెన్స్ ముందే చూసుకోండి

గల్ఫ్‌లో ఉన్న కొడుకు అమ్మీ, అబ్బాలను దుబాయ్ పిలిపించుకుని క్రూయిజ్ ఎక్కించాలనుకుంటే, టికెట్ కంటే ముందు చూడాల్సినవి రెండు: వీసా, ఇన్సూరెన్స్. ఖానాపురం హవేలిలో ఆదుకునే ఆరోగ్యశ్రీ సముద్రం మీద పనిచేయదు.

ఓడలో డాక్టర్ ఉంటారు గానీ అది పెద్దాసుపత్రి కాదు. వైద్యానికి బిల్లు వేస్తారు. గుండెపోటు లాంటిది వస్తే దగ్గర్లోని రేవులో దించుతారు. ఆ దేశం వీసా లేకపోతే, ఓడ కంపెనీ ఏజెంటు అక్కడి ఇమిగ్రేషన్‌ను తాత్కాలిక అనుమతి అడుగుతాడు. ఇవ్వడం వాళ్ల చేతిలోనే ఉంటుంది. పేషెంటుతో పాటు పాస్‌పోర్టు, మందుల చీటీలు, పాలసీ కాపీ, తోడుగా ఒకరు దిగాలి. ఓడ మీ కోసం ఆగదు.

దుబాయ్‌లో ఎక్కి, మస్కట్ చూసి మళ్లీ దుబాయ్ వస్తే యూఏఈలోకి రెండోసారి అడుగుపెట్టినట్టే. అందుకని మల్టిపుల్ ఎంట్రీ వీసా తీసుకోండి. యూరప్ అయితే షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ తప్పనిసరి.

పాలసీలో క్రూయిజ్, హెలికాప్టర్ తరలింపు, స్వదేశానికి చేర్చడం ఉన్నాయో లేదో చదవండి. షుగర్, బీపీ ఉంటే ముందే చెప్పండి, దాస్తే క్లెయిమ్ పోవచ్చు. ఆసుపత్రిలో చేరగానే పాలసీ మీది నంబరుకు ఫోన్ చేయండి. ప్రతి బిల్లూ భద్రపరచండి.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాసివ్వండి. 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు, ఫీజు లేదు.