అంబాసిడరు పరకాయ ప్రవేశం

పరకాయ ప్రవేశమనగానే మనకు విక్రమార్కుని కథలు గుర్తుకు వస్తాయి. ఆ కథల్లో ప్రాణం ఒకటే, అది చేరే దేహం మారుతుంది. మన రోడ్ల మీద దాదాపు అర్ధశతాబ్ది పాటు దీనికి తలకిందులైన వింత జరిగింది. దేహం అదే, లోపలి ప్రాణం మారుతూ వచ్చింది. నేను చెప్పబోయేది అంబాసిడరు కారుకు పాత ఇంజను కొని బిగించుకునే ఆనవాయితీ గురించి.

ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1957 ప్రాంతాన ఈ కారు తయారీ మొదలుపెట్టారు. నిజానికి దీనికి ఇంజను మార్చే పని తొలుత చేసినది కర్మాగారమే. మొదట సైడ్ వాల్వు ఇంజనుతో వచ్చిన బండికి 1959లో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు పెట్రోలు ఇంజను అమర్చారు. 1970ల చివర డీజిలు ఇంజను, 1990ల ఆరంభాన జపాను ఇసుజు వారి 1800 సి.సి. పెట్రోలు ఇంజను వచ్చాయి. పైరూపం మాత్రం పెద్దగా మారలేదు.

కర్మాగారం చేసిన పనినే వీధి మెకానిక్కులు ఎందుకు చేయవలసి వచ్చింది? కారణాలు రెండు. ఒకటి కొరత. లైసెన్సుల కాలంలో కొత్త కారుకు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసి వచ్చేది. కాబట్టి ఇంజను అరిగిపోయినంత మాత్రాన బండిని ఎవరూ పారవేయలేదు. రెండవది ధర. 1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు భారమైంది. డీజిలు ధరను మాత్రం ప్రభుత్వం తక్కువగా ఉంచింది. కుటుంబమంతా ఒక్క టాక్సీ మీద బతికేవారికి ఆ తేడాయే రేపటి బియ్యం. అందువల్ల పెట్రోలు ఇంజను దింపి, మెటడోర్ వ్యాను డీజిలు ఇంజనును ఎక్కించినవారు ఎందరో.

ఈ ఇంజన్లు ప్రమాదాల్లో నుజ్జయిన బండ్ల నుంచీ, వేలంలో అమ్మిన కాలం చెల్లిన ప్రభుత్వ వాహనాల నుంచీ వచ్చేవి. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి ఈ వ్యాపారానికి పేరుపడ్డ చోట్లు. అనుభవజ్ఞుడు బేరానికి ముందు ఇంజను స్టార్టు చేయించి చూసేవాడు. పొగ నీలంగా వస్తే ఆయిలు మండుతోందని, రింగులో బోరో అరిగాయని గ్రహించేవాడు. ఆయిలు మూత తీసి చూస్తే లోపల పాల మీగడలాంటిది కనిపించిందా, నీరు ఆయిలులో కలుస్తోందేమోనని అనుమానించేవాడు. ఇంతకుముందు ఎన్నిసార్లు రీబోరు చేయించారని అడిగేవాడు. బోరు కొట్టిన ప్రతిసారీ సిలిండరు గోడ పలుచబడుతుంది గదా!

ఇనుమును ఇంత నిశితంగా పరీక్షించినవారు సైతం కాగితం దగ్గర ఏమరుపాటు పడేవారు. ఆర్సీ పుస్తకంలో చాసిస్ నంబరు, ఇంజను నంబరు రెండూ ఉంటాయి. మొదటిది దేహానిది, రెండవది ప్రాణానిది. దేహం ఉన్నంత కాలం చట్టం దృష్టిలో బండి అదే. ప్రాణం మారితే మాత్రం చెప్పి తీరాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం అనుమతి లేకుండా మార్పు జరిగినప్పుడు 14 రోజుల్లోగా రిజిస్టరింగు అధికారికి తెలిపి, ఆ వివరం ఆర్సీలో ఎక్కించుకోవాలి. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది.

నేను ఉద్యోగం చేసిన ఊరిలో ఒక టాక్సీ యజమాని 1990లలో పాత ఇంజను కొన్నాడు. రసీదు అడగలేదు. రెండేళ్ళకు బండి లారీని గుద్దుకుంది. ఇంజను నంబరు ఆర్సీతో సరిపోలలేదని బీమా సంస్థ డబ్బు నిరాకరించింది. అమ్మినవాడి జాడ లేదు. ఆయన కొడుకు నా తరగతిలో ఉండేవాడు. ఆ ఏడాదే చదువు మాని గ్యారేజీలో చేరాడు. తెలివైన పిల్లవాడు. సమాసాలు చక్కగా విడదీసేవాడు.

ఇంతకంటే ఘోరం దొంగ ఇంజను. ఆకురాయితో నంబరు అరగదీసిన ఇంజను కొన్నవాడు తాను కొన్నానని ఎలా నిరూపించుకోగలడు? దొంగబండ్లను విడదీసి అమ్ముతున్నారన్న ఆరోపణలతోనే మీరట్‌లోని సోతీగంజ్ బజారును 2021లో మూయించారు. అక్కడ నిజాయితీగా వ్యాపారం చేసినవారి దుకాణాలూ దానితోపాటే మూతపడ్డాయి.

1993లో కార్ల తయారీకి లైసెన్సులు ఎత్తివేయడంతో కొరత తగ్గుముఖం పట్టింది. అంబాసిడరు తయారీ 2014 మేలో ఆగింది. అదే ఏడాది అక్టోబరులో డీజిలు ధరపై నియంత్రణ తొలగింది. ఆ పరకాయ ప్రవేశానికి మూలమైన కారణాలు ఇలా ఒక్కొక్కటే చరిత్రలో కలిశాయి. పాత ఇంజన్ల బేరం మాత్రం ఇప్పటికీ సాగుతూనే ఉంది.

యంత్రమన్న మాట 'యమ్' ధాతువు నుంచి వచ్చింది, అదుపులో ఉంచడమని దాని అర్థం. పాత ఇంజను కొనేవారు అదుపులో ఉంచుకోవలసింది తొందరను. పొగను చూడండి, చప్పుడు వినండి. ఆ తరువాత, డబ్బు చేతికివ్వక ముందే, దాని పూర్వజన్మ వృత్తాంతం రసీదు మీద రాయించుకోండి.