హైబ్రిడ్ సైకిల్: ఎలా పుట్టింది, ఎక్కడ కొనాలి?

మా ఇంటి నుంచి ఆఫీసు నాలుగు మైళ్ళు. సగం దూరం తారు రోడ్డు. మిగతా సగం, పాత రైలు పట్టాలు తీసేసి వేసిన సన్న కంకర బాట. రెండిటికీ పనికొచ్చేది హైబ్రిడ్ సైకిల్ అని అందరూ అన్నారు. కొనేముందు నేను దాని చరిత్ర చదివాను. ఏది కొనాలో, ఎక్కడ కొనాలో తేల్చుకోవడానికి ఆ చరిత్రే పనికొచ్చింది.

హైబ్రిడ్ విత్తనాల మాట మీరు వినే ఉంటారు. రెండు రకాలు కలిస్తే పుట్టేది హైబ్రిడ్. మరి ఈ సైకిల్‌కు తల్లి ఎవరు, తండ్రి ఎవరు?

ఒకరు రోడ్డు సైకిల్. 1885లో ఇంగ్లండ్‌లోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ 'రోవర్' సైకిల్ తెచ్చాడు. అంతకుముందు ముందు చక్రం మనిషంత ఎత్తు ఉండేది. పడితే తల పగిలేది. రోవర్‌కు రెండు చక్రాలూ దాదాపు సమానం. గొలుసు వెనక చక్రాన్ని తిప్పుతుంది. 1888లో బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయ్డ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంట్ తీసుకున్నాడు. మన తాతల నల్ల సైకిల్ కూడా ఈ వంశానిదే. నిటారుగా కూర్చుని తొక్కే ఆ ఇంగ్లీషు నమూనానే ఇండియాలో అట్లాస్, హీరో కంపెనీలు లక్షల్లో తయారు చేశాయి.

ఇంకొకరు కొండ సైకిల్. 1970లలో కాలిఫోర్నియాలోని మరిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు, లావు టైర్ల పాత సైకిళ్ళు తీసుకుని కొండ మీద నుంచి మట్టి దారిలో కిందికి దూకించేవారు. వాటిలో చాలా సైకిళ్ళు ష్విన్ కంపెనీవి. వెనక్కి తొక్కితే పడే బ్రేకు అది. కిందికి వచ్చేసరికి వేడెక్కి, లోపలి గ్రీజు పొగైపోయేది. మళ్ళీ గ్రీజు నింపాలి. అందుకే ఆ దారికి 'రిప్యాక్' అని పేరు. 1976లో అక్కడ పందేలు మొదలయ్యాయి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ 'స్టంప్‌జంపర్' అమ్మడంతో కొండ సైకిల్ మామూలు దుకాణాలకు వచ్చింది.

కానీ కొన్నవాళ్ళలో చాలామంది కొండ ఎక్కలేదు. ఊళ్ళోనే తొక్కారు. వాళ్ళకు నచ్చింది తిన్నని హ్యాండిల్, గట్టి బ్రేకులు. నచ్చనిది బరువు. అందుకని 1980ల చివర్లో కంపెనీలు కొండ సైకిల్ హ్యాండిల్‌ను, రోడ్డు సైకిల్ పెద్ద చక్రాలను కలిపాయి. అదే హైబ్రిడ్.

ఇక ఎక్కడ కొనాలి? ఈ ప్రశ్నకు ష్విన్ కథే జవాబు. 1895లో షికాగోలో మొదలైన కంపెనీ అది. 1950ల నుంచి, సైకిల్‌ను బిగించి, తర్వాత బాగుచేసి ఇచ్చే దుకాణాల ద్వారానే అమ్మాలని పట్టుబట్టింది. ఆ షరతుల మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1967లో తీర్పు వచ్చింది. తన పాత సైకిళ్ళతోనే పుట్టిన కొండ సైకిల్‌ను మాత్రం ష్విన్ ఆలస్యంగా పట్టించుకుంది. 1992లో దివాలా తీసింది. 2001లో పేరు మరో కంపెనీ చేతికి వెళ్ళింది. తర్వాత అదే పేరుతో సైకిళ్ళు వాల్‌మార్ట్‌లో కూడా దొరికాయి. అంటే, పేరు చూసి కొంటే సరిపోదు. ఎవరు బిగించారు, రేపు ఎవరు చూస్తారు అన్నది అడగాలి.

అందుకే నేను మా ఊరి సైకిల్ దుకాణానికే వెళ్ళాను. మూడు సైజులు తొక్కి చూశాను. ముందు స్ప్రింగు ఉన్నది వద్దనుకున్నాను. చవక సైకిల్‌లో అది బరువే తప్ప పెద్ద లాభం లేదు. 38 మిల్లీమీటర్ల టైర్లు, మడ్‌గార్డులు, క్యారియర్ బిగించడానికి రంధ్రాలు ఉన్నది ఎంచుకున్నాను. పెద్ద స్టోరు కంటే ధర ఎక్కువే. కానీ కొత్త బ్రేకు తీగలు కొన్ని వారాలకు సాగుతాయి. అప్పుడు మళ్ళీ బిగించేది ఆ దుకాణం మనిషే.

ఈ వ్యాసం కోసం నేను నేర్చుకున్న మాటలు: గొలుసు, తీగ, బిగించడం, గాలి కొట్టడం. మీ ఇంట్లో సైకిల్ భాగాలను ఏమంటారు? పెద్దవాళ్ళను అడిగి చూడండి.