సెర్చ్‌లో మొదటి వరుస ఎవరిది?

మాది హోసూరు. పోయిన సంవత్సరం మా అక్క కాలేజీ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టాల్సి వచ్చింది. నాయన గులాబీ తోటలో పనికి పోతాడు. ఇంట్లో ఇట్లాంటి పనులన్నీ ఫోనులో చేసేది నేనే. స్కాలర్‌షిప్ పేరు సెర్చ్‌లో కొట్టి, అన్నిటికంటే పైన వచ్చిన పేజీని తెరిచినాను. చూసేదానికి ప్రభుత్వ పేజీ మాదిరే ఉంది. రుసుము 500 రూపాయలు అని అడిగింది. కట్టినాము. నాలుగు దినాల తరువాత అక్క కాలేజీలో విచారిస్తే, ఆ దరఖాస్తుకు రుసుమే లేదన్నారు. నిజమైన ప్రభుత్వ పేజీ మేము తెరిచిన దానికి రెండు వరుసల కింద ఉంది. గడువు మిగిలి ఉంది కాబట్టి మళ్లీ దరఖాస్తు పెట్టినాము. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

“అదే గదా మొదట వచ్చింది” అన్నాను నేను. నాయన ఏమీ అనలేదు. అది నాయన ఒక దినం కూలి.

పత్రికకు చరిత్ర వ్యాసం రాయమని మా సార్ చెప్పినప్పుడు నాకు ఆ మాటే గుర్తుకు వచ్చింది. ఏది మొదట రావాలో ఎవరు నిర్ణయిస్తారు? ఈ పద్ధతి ఎట్లా మొదలైంది?

1990లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉన్న అలన్ ఎమ్‌టేజ్ ‘ఆర్చీ’ అనేదాన్ని తయారు చేశారు. వేరు వేరు కంప్యూటర్లలో ఉన్న ఫైళ్ల పేర్లను అది వెతికి చూపించేది. ఏది మంచిది, ఏది చెడ్డది అనే తీర్పు దానిలో లేదు. 1994లో అమెరికాలో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో ‘యాహూ’ మొదలుపెట్టారు. అక్కడ గ్రంథాలయంలో పుస్తకాలు సర్దినట్టు మనుషులే వెబ్‌సైట్లను చూసి వర్గాలుగా సర్దేవారు. కానీ మనుషులు చూసేదానికంటే వేగంగా పేజీలు పెరిగిపోయాయి.

1995 డిసెంబరులో ‘ఆల్టావిస్టా’ వచ్చింది. పేజీలోని మాటలన్నిటినీ యంత్రమే చదివి పెట్టుకునేది. మనం అడిగిన మాట పేజీలో ఎక్కడ ఉంది, ఎన్నిసార్లు ఉంది అని చూడటం ఆ కాలపు పద్ధతి. ఇది తెలిసిన కొందరు మోసం మొదలుపెట్టారు. తెల్లని పేజీ మీద తెల్లని అక్షరాలతో ఒకే మాటను వందసార్లు రాసేవారు. మన కంటికి కనపడదు, యంత్రానికి కనపడుతుంది. పనికిరాని పేజీ పైకి వచ్చేది.

ఇది చెప్తే మా అవ్వ నవ్వింది. “సంబంధం చూసేటప్పుడు పిల్లోని ఇంటోళ్లు చెప్పుకునేది వింటామా? ఊర్లో నలుగురు ఏమంటారో వినాల” అనింది.

సరిగ్గా ఇదే ఆలోచన శాస్త్రవేత్తల లోకంలో అంతకుముందే ఉంది. ఒక పరిశోధనను ఎవరెవరు తమ వ్యాసాల్లో పేర్కొన్నారో లెక్క రాయాలని యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ప్రతిపాదించారు. 1964లో అట్లాంటి సూచికను పుస్తకాలుగా తెచ్చారు. 1996లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ ఇదే ఆలోచనను వెబ్‌కు పెట్టారు. ఒక పేజీ ఇంకొక పేజీకి లింకు ఇస్తే అది సాక్ష్యం చెప్పినట్టు. ఐతే సాక్ష్యాలన్నీ సమానం కాదు. పదిమంది నమ్మే పేజీ ఇచ్చిన లింకుకు బరువు ఎక్కువ. దీనికి ‘పేజ్‌ర్యాంక్’ అని పేరు పెట్టారు. ఆ పరిశోధనలో వారితో ఉన్న ఆచార్యులు రాజీవ్ మోత్వానీ జమ్మూలో పుట్టి, ఐఐటీ కాన్పూర్‌లో చదివినవారు.

మంచి పేజీ ఐతే చాలదు, అడిగిన ప్రశ్నకు సరిపోవాలి. పన్ను నొప్పికి ఎంత గొప్ప కంటి డాక్టరైనా ఏం చేస్తారు? అందుకని శీర్షికలో ఉన్న మాటలు, మాటలు ఎంత దగ్గరగా ఉన్నాయి, లింకు మీద ఏమని రాశారు అనేవి కూడా లెక్కలో చేర్చారు. 1998లో వాళ్లు ప్రచురించిన వ్యాసం ప్రకారం అప్పటికి 2 కోట్ల 40 లక్షల పేజీలను ఇట్లా చదివించారు. ఆ సెప్టెంబరులోనే గూగుల్ కంపెనీ ఏర్పడింది.

మోసగాళ్లు ఊరుకోలేదు. లింకులనే డబ్బుకు అమ్మడం, కొనడం మొదలైంది. అంటే కూలి సాక్షులు! గూగుల్ 2011 ఫిబ్రవరిలో ‘పాండా’ అనే మార్పు తెచ్చి, పస లేని రాతలను, వేరేచోట నుండి ఎత్తి రాసిన పేజీలను కిందికి దించింది. 2012 ఏప్రిల్‌లో ‘పెంగ్విన్’ తెచ్చి దొంగ లింకుల పని పట్టింది. ఇప్పుడు ఫలితాలను పరీక్షించడానికి మనుషులను కూడా పెట్టారు. రాసినవారికి అనుభవం ఉందా, ఆ విషయం తెలుసా, నమ్మవచ్చా అని వాళ్లు చూస్తారు. వాళ్లు వేసే మార్కులతో ఒక పేజీ నేరుగా పైకో కిందికో పోదు. పద్ధతి బాగా పనిచేస్తోందా అని తెలుసుకోవడానికే ఆ మార్కులు.

ఇంకొక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని 1998 వ్యాసంలో పేజ్, బ్రిన్ ఇద్దరూ రాశారు. 2000 అక్టోబరులో వాళ్ల కంపెనీయే ‘యాడ్‌వర్డ్స్’ పేరుతో ప్రకటనల పద్ధతి మొదలుపెట్టింది. ఈనాడు చాలా సెర్చ్‌లలో ఫలితాల కంటే పైన ప్రకటనలు వస్తాయి. అది ప్రకటన అని పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది. మేము తెరిచింది అట్లాంటిదే. ఆ చిన్న అక్షరాలు నేను చదవలేదు.

ఈ చరిత్ర చదివిన తరువాత నాకు అర్థమైంది ఇది: యంత్రానికి నిజం తెలియదు. ముందు మాటలను లెక్కపెట్టింది, తరువాత సాక్షులను లెక్కపెట్టింది. మొదటి వరుసలో ఒక్కోసారి సాక్ష్యం కూడా ఉండదు, కట్టిన డబ్బు మాత్రమే ఉంటుంది. కాబట్టి చివరి తీర్పు మనమే చెప్పుకోవాలి.

ఈ సంవత్సరం అక్క స్కాలర్‌షిప్‌ను మళ్లీ పునరుద్ధరించాల్సి వచ్చింది. నేను ఫోను తీసుకుంటే నాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. “ఇది ఎవురిదో చదువు” అన్నాడు. పేజీ చిరునామా మొదటి నుండి చివర ఉన్న ‘గవ్ డాట్ ఇన్’ వరకు గట్టిగా చదివి వినిపించినాను. “సరే, ఇంక రాయి” అన్నాడు.