గని మీది క్లబ్బు

పొద్దు వాలితే కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) షాఫ్టు నోటి దగ్గరా దీపాలు వెలిగేవి, దొరల క్లబ్బులోనూ వెలిగేవి. కరెంటు శివనసముద్రం నుంచి, దాదాపు 150 కిలోమీటర్ల తీగల మీద, 1902లో వచ్చింది. బెంగుళూరు వీధులకు ఆ భాగ్యం 1905 దాకా పట్టలేదు.

కేజీఎఫ్ క్లబ్బు పుట్టింది 1885లో. అప్పటికి జాన్ టేలర్ కంపెనీ గనుల్లో అడుగుపెట్టి ఐదేళ్ళు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి గని పని తెలిసినవాళ్ళు దిగారు. ఊరికి చిన్న ఇంగ్లండని పేరు పడింది. ఆ కాలపు దొరల కట్టడాలన్నీ ఒకే భయంతో కట్టినవి: ఎండ లోపలికి రాకూడదు. ఎత్తయిన పెంకుల కప్పు, వెడల్పాటి వరండా, చుట్టూ చెట్లు. అందరూ ఆ నీడను మెచ్చుకుంటారు. నాకు మాత్రం అందులో దూరమే కనిపిస్తుంది. గనిలోకి దిగే చిత్తూరు వైపు తెలుగువాళ్ళకూ, ఆర్కాటు తమిళులకూ తడికల గుడిసెలు, కూలి లైన్లు. క్లబ్బులో వాళ్ళకు దొరికితే వడ్డన పనే.

వాళ్ళు తవ్వుతూపోయి చాంపియన్ రీఫ్ గనిని మూడు కిలోమీటర్లు దాటించారు. అంత లోతున ఒత్తిడికి రాయి పేలేది. పైన ఇళ్ళ గోడలు బీటలిచ్చేవి, అటక మీద గిన్నెలు గలగలమనేవి. క్లబ్బులో గాజు గ్లాసులూ మోగే ఉంటాయి. కింద ఎవరి ఇంటి మనిషి ఉన్నాడోనని లైన్లలో ఆడవాళ్ళు షాఫ్టు వైపు పరుగెత్తేవాళ్ళు.

1956లో గనులు మైసూరు ప్రభుత్వానివయ్యాయి, 1962లో కేంద్రానివి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్‌వి. దొరలు పోయి మన ఆఫీసర్లొచ్చారు. లోతు పెరిగింది, ఖర్చు పెరిగింది, రాతిలో బంగారం పలచబడింది. 2001 ఫిబ్రవరి 28న మూసేశారు. పంపులు ఆగాక సొరంగాల్లోకి నీళ్ళు ఊరాయి.

క్లబ్బును ఎవరూ కూలగొట్టలేదు. దాన్ని నిలబెట్టిన జీతాలు పోయాయి, అంతే. ఎండాకాలం గాలి లేస్తే, బంగారం తీశాక మిగిలిన సైనైడ్ గుట్టల పొడి ఊరంతా కమ్ముతుంది. కిటికీ పలక మీద వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ అంతే.

షిఫ్టు సైరనుకు లేచిన ఇళ్ళు ఇప్పుడు బెంగుళూరు రైలు కోసం చీకటితోనే లేస్తున్నాయి. రైలు బయల్దేరే మారికుప్పంలోనే ఎక్కితే సీటు దొరుకుతుంది.