పన్నును సమ్మతియును

రాజు ప్రజలయొద్ద పన్ను గొనవలసిన విధమును మన పూర్వులు తుమ్మెదతో పోల్చి చెప్పిరి. తేనె దొరకవలెను, పువ్వు నలగరాదు. పంటలో ఆఱవపాలు న్యాయమనిరి. ఎంత తీసికొనవచ్చునో చెప్పిరి గాని, తీసికొనుటకు ముందు ప్రజల నడుగవలెనా యను విషయమును వారంతగా విచారింపలేదు. ఆధునిక యుగమున సామ్రాజ్యములను కదల్చినది ఆ ప్రశ్నమే. పన్ను బరువుచేతనే జనులు తిరుగబడుదురని తలచువారు కృష్ణాతీరపు చరిత్రము నొకమారు పరికింపవలెను.

1833 నాటి ఘోరమైన కఱవు గుంటూరు సీమను పాడుచేసినది. 1852లో బెజవాడయొద్ద ఆనకట్ట పని ఆరంభమై 1855 నాటికి పూర్తియయ్యెను. కాటను దొర యత్నమును, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమును అందులకు కారణములు. నీటితోపాటు నీటిపన్నును వచ్చినది. 1865లో అందులకు చట్టమును చేసిరి. రైతులు సణిగిరి, అర్జీలు పంపుకొనిరి, అయినను చెల్లించిరి. ఏలయన, ఇచ్చిన రూపాయకు బదులు కాలువలో నీరు కంటికి కనబడుచుండెను.

చీరాల పేరాలల కథ వేఱు. అవి నాడు గుంటూరు మండలములోని గ్రామములు. మగ్గములపై బ్రతుకువా రచ్చట పెక్కుమంది. 1919లో ప్రభుత్వము వానిని కలిపి మునిసిపాలిటీగా చేసెను. ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను 40,000కు పెరిగెను. ప్రజలు వలదని మొఱపెట్టుకొన్నను ప్రభుత్వము వినలేదు. ఎన్నికైన సభ్యులు రాజీనామా లిచ్చిరి. అప్పుడు జీతగాడైన అధ్యక్షుని నియమించి పని నడిపించిరి. స్వపరిపాలనమను పేరు గల సంస్థను ప్రజల నోరుమూసి నడపుట కంటె వింత యేమున్నది?

1921 మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. పిమ్మట గాంధీగారు ఏప్రిల్ 6న చీరాలకు వచ్చి, అహింసతో పన్ను నిరాకరించుట, ఊరు విడిచిపోవుట యను రెండు మార్గములను సూచించిరి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు రెండవదానిని ఎన్నుకొనిరి. సుమారు పదునైదువేల జనములో పదమూడువేలమందికి పైగా ఇండ్లు విడిచి, రామనగరమని పేరిడిన పాకలలో పదునొకండు నెలలు కాపురముండిరి. ఎండకు, వానకు, పని చెడుటకు వారు పడిన నష్టము తప్పించుకొన్న పన్నుకంటె ఎన్నోరెట్లు పెద్దది. అయినను ఆ పాకలలో తమ తగవులను తామే తీర్చుకొనిరి. నిజమైన స్వపరిపాలన మచ్చటనే నడచినది.

లాభనష్టముల లెక్కకు అందని యిట్టి ప్రవర్తనము మనవారికే చెల్లలేదు. ఇంగ్లండు ప్రభుత్వము అమెరికాలోని తన వలసలపై 1765లో స్టాంపుపన్ను విధించెను. అలజడి పుట్టగా మఱుసటి యేడు దానిని తీసివేసి, ఆ దినములలోనే వలసలకు ఏ చట్టమునైనను చేయు హక్కు తనకు కలదని వేఱొక శాసనమున చాటుకొనెను. 1770లో తక్కిన సుంకములను తొలగించియు, ఆ హక్కు పోకుండుటకై తేయాకుపై మాత్రము నిలుపుకొనెను. 1773 నాటి చట్టముచేత తేయాకు చవుకయైనది. అయినను ఆ డిసెంబరులో బోస్టను ప్రజలు 342 పెట్టెల తేయాకును సముద్రములో పాఱవేసిరి. చవుకగా దొరకు తేయాకును కొనుట, తమ ప్రతినిధులు లేని సభ వేసిన పన్నును ఒప్పుకొనుటయే యని వారెఱిగిరి. దండనగా 1774లో రేవును మూయగా, మఱుసటి యేడు యుద్ధము వచ్చినది.

మన యుద్యమములకు వెంటనే జయము కలుగలేదు. పర్వతనేని వీరయ్య చౌదరిగారు నడపిన పెదనందిపాడు పన్ను నిరాకరణము, గ్రామోద్యోగుల రాజీనామాలతో ప్రభుత్వమును కలవరపఱచియు, 1922 ఫిబ్రవరిలో ఆగిపోయెను. దుగ్గిరాలవారు చెఱలో నుండగా చీరాలవారు ఆ యేడే ఇండ్లకు మరలిరి. అయిన నేమి? సమ్మతిలేని పన్ను దోపిడియే యను భావము మగ్గముముందు కూర్చున్నవానికిని, నాగలి పట్టినవానికిని తెలిసివచ్చినది. అట్లు తెలిసిన తరువాత దొరతనము చిరకాలము నిలువదు.

నేడు మునిసిపాలిటీలును పంచాయతీలును మనవే. 1992 నాటి సవరణములచేత వానికి రాజ్యాంగమున స్థానమును కలిగినది. కాని గ్రామసభకు పోయి వ్రాలు చేసి వచ్చువారెందఱు, లెక్క చదివి ప్రశ్నించువారెందఱు? అడుగక పన్ను పెంచు సభ్యుడు నాటి జీతపు టధ్యక్షునికి వారసుడు. తాను ఎన్నుకొన్న సభ వేసిన పన్నును ఎగవేసి, చీరాలవారి పేరు చెప్పుకొనువాడు వారికి వారసుడు కానేరడు. వారు విడిచినది ఇల్లు, పొందగోరినది మాట చెల్లుబాటు. ఆ మాట నేడు మనచేతిలో నున్నది; దానిని వాడుకొనకుండుటయే మనకు మనము వేసికొను పన్ను.