డిక్సన్ బావి: ఒక లేఖ, ఒక అంకె

టీసీఈ, అంటే ట్రైక్లోరోఎథిలీన్, లోహపు విడిభాగాల జిడ్డు వదిలించే సాల్వెంట్. క్యాన్సర్ కారకం. రంగుండదు. నీటికన్నా బరువు కనుక నేలలోకి లోతుగా దిగిపోతుంది. అమెరికాలో తాగునీటికి పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు.

టెనెసీ రాష్ట్రంలోని డిక్సన్ కౌంటీ డంపింగ్ యార్డు ఈనో రోడ్డులోని నల్లజాతి వాడ పక్కనే ఉంది. ఫ్యాక్టరీల సాల్వెంట్ వ్యర్థాలూ అక్కడికే చేరాయి. హోల్ట్ కుటుంబం బావిలో 1990లోనే 26 మైక్రోగ్రాములు తేలింది. అయినా ఆ నీళ్లతో ఆరోగ్యానికి హాని ఉండదని 1991లో ప్రభుత్వ లేఖ వచ్చింది. 2000లో చూస్తే 120. ఆ మధ్యలోనే శ్వేతజాతి కుటుంబాల నీళ్లలో టీసీఈ కనబడితే వెంటనే కబురు చేసి వేరే నీళ్లిచ్చారని రాబర్ట్ బులార్డ్ బృందం 2007లో నమోదు చేసింది. హోల్ట్ కుటుంబం దావా 2011లో రాజీతో ముగిసింది.

ఈ కేసులో మమ్మల్ని ఆపింది ఆ లేఖే. మాదిగవాడ, మాలపల్లి పక్కన చెత్త యార్డు మనకేం కొత్త? మామూలు టీడీఎస్, ఫ్లోరైడ్ పరీక్షల్లో టీసీఈ కనబడదు. కాబట్టి సమాచార హక్కు దరఖాస్తులో 'నీళ్లు తాగొచ్చా' అని అడగొద్దు. సాల్వెంట్లకు పరీక్ష ఎప్పుడు చేశారు, ఎంత తేలింది అని అడగాలి.