అడ్వకేట్ జనరల్‌ను మనం ఓటేసి ఎన్నుకోలేమా? ప్రభుత్వ లాయర్ మన లాయరేనా?

2025 నవంబరు 4న అమెరికాలోని వర్జీనియాలో గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్ పదవులకు ఒకేరోజు పోలింగ్ జరిగింది. హైదరాబాద్‌లో పుట్టిన గజాలా హష్మీ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారన్న వార్త మన ఫోన్లలో బాగానే తిరిగింది. అదేరోజు జే జోన్స్ అటార్నీ జనరల్‌గా ఎన్నికైన సంగతి మాత్రం ఇక్కడ పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. రాష్ట్రం తరఫున వాదించే లాయర్‌ను జనం ఎన్నుకోవడమేంటి? మన దగ్గర ఎందుకు లేదు?

మన రాష్ట్రంలో ఆ స్థానంలో ఉండేది అడ్వకేట్ జనరల్, అంటే ఏజీ. రాజ్యాంగంలోని 165వ అధికరణ ప్రకారం గవర్నర్ నియమిస్తారు. ఆచరణలో పేరు ఖరారు చేసేది ప్రభుత్వమే. హైకోర్టు జడ్జి కావడానికి ఉండాల్సిన అర్హత ఏజీకీ ఉండాలి. నిర్ణీత పదవీకాలం అంటూ లేదు. 177వ అధికరణ కింద అసెంబ్లీలో మాట్లాడొచ్చు గానీ, ఓటు వేయలేరు.

సర్కారు మారితే ఏజీ కూడా మారడం మామూలే. 2019లో వచ్చిన ఎస్.శ్రీరామ్ 2024 ఎన్నికల ఫలితాల తర్వాత రాజీనామా చేశారు. అంతకుముందు టీడీపీ హయాంలో ఏజీగా చేసిన దమ్మాలపాటి శ్రీనివాస్ మళ్లీ ఆ పదవిలోకి వచ్చారు. ఓటు వేయకపోయినా, మన ఓటు ప్రభావం ఇలా పడుతూనే ఉంటుంది.

అమెరికాలో 50 రాష్ట్రాలకు గాను 43 చోట్ల అటార్నీ జనరల్‌ను ప్రజలే ఎన్నుకుంటారు. ఇలా గెలిచినవాళ్లు గవర్నర్ చెప్పుచేతల్లో ఉండాల్సిన పనిలేదు. వినియోగదారుల తరఫున కంపెనీలను కోర్టుకు లాగడం వాళ్ల పెద్ద పని. 1998లో 46 రాష్ట్రాల అటార్నీ జనరళ్లు సిగరెట్ కంపెనీలతో 25 ఏళ్లలో 20 వేల కోట్ల డాలర్లకు పైగా చెల్లించేలా ఒప్పందం చేయించారు. ముఖాల గుర్తింపు వ్యవహారంలో మెటా 2024లో టెక్సస్‌కు 140 కోట్ల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకుంది. అయితే ఎన్నికలంటే పార్టీ టికెట్, విరాళాలు, ప్రచారం అన్నీ ఉంటాయి. కేసు వేసేది జనం కోసమా, వచ్చే ఎన్నికల కోసమా అన్న అనుమానం అక్కడా తప్పదు.

మరి మన సంగతి?

ఏజీ మన లాయర్ కాదు, ప్రభుత్వ లాయర్. మీ కేసు సర్కారు మీదే అయితే, ఎదుటి పక్షాన నిలబడేది ఆయన, ఆయన కింది ప్రభుత్వ ప్లీడర్లే. ప్రభుత్వంపై సివిల్ దావా వేయాలంటే, అత్యవసరమైతే తప్ప, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి.

కానీ ఊరందరి సమస్య అయితే ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక వీధిని ఎవరో ఆక్రమించి దారి మూసేశారనుకోండి. అదే కోడ్‌లోని సెక్షన్ 91 కింద పబ్లిక్ న్యూసెన్స్‌పై ఏజీ దావా వేయొచ్చు. ఆయన వేయకపోతే, కోర్టు అనుమతితో ఇద్దరు పౌరులు కలిసి వేయొచ్చు. వాళ్లకు విడిగా నష్టం జరిగిందని చూపించాల్సిన అవసరం లేదు. 1976 సవరణకు ముందు దీనికి ఏజీ రాతపూర్వక అనుమతి కావాల్సి వచ్చేది. ప్రభుత్వ లాయర్ సరేనంటేనే జనం కోర్టు గుమ్మం ఎక్కాలన్న ఆ షరతు పోవడం నిజంగా పెద్ద మార్పే. దావా దాకా వెళ్లే ముందు బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు ఫిర్యాదు చేయొచ్చు. అడ్డు తొలగించమని ఆదేశించే అధికారం ఆయనకుంది. ఖర్చు తక్కువ కాబట్టి ముందు ఇదే ప్రయత్నించడం మేలు.

క్రిమినల్ కేసులో బాధితుల పక్షాన వాదించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. ఆ పదవికీ ఎన్నిక లేదు. ఆయన పనితీరు మీద నమ్మకం లేకపోతే, కోర్టు అనుమతితో ఆయనకు సహాయంగా సొంత లాయర్‌ను పెట్టుకోవచ్చు. కొన్న వస్తువు విషయంలో మోసపోతే 1915కు ఫోన్ చేయండి. లాయర్ ఫీజు కట్టలేని స్థితిలో ఉంటే న్యాయ సేవాధికార సంస్థ నంబర్ 15100. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, దివ్యాంగులకు ఈ ఉచిత సాయం విషయంలో ఆదాయ పరిమితి అడ్డు రాదు.